నాన్న... నానోసెకను

ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఓసారి పక్కపక్కన పెట్టి చూడండి. మీదీ, మీ ఆవిడదీ, పిల్లలదీ. కంపెనీ వేరు, సిమ్ము వేరు, కొన్న సంవత్సరం వేరు. నిమిషం మాత్రం అన్నింట్లోనూ దాదాపు ఒకేసారి మారుతుంది.

ముప్ఫయ్యేళ్ల కిందట ఈ మాట ఎవరైనా అంటే నవ్వేవాళ్లు. అప్పట్లో గోడ గడియారానిది ఒక టైము, తాతగారి చేతి వాచీది ఒక టైము, బస్టాండు గడియారానిది ఇంకో టైము. బడికి ఆలస్యం కాకూడదని మా అమ్మ వంటింటి గడియారాన్ని పది నిమిషాలు ముందుకు పెట్టేది. ముందుందని అందరికీ తెలుసు కాబట్టి అందరం తీరిగ్గానే బయల్దేరేవాళ్లం! పెళ్లిలో ముహూర్తం దగ్గరపడుతుంటే పంతులుగారు 'ఎవరి వాచీ కరెక్టండీ?' అని అడిగేవారు. పదిమంది పది టైములు చెప్పేవారు. ఆఖరికి ఊళ్లో రైల్వేలో పనిచేసే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆయన మాటే ఖాయం.

ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఆ ప్రశ్నతోపాటే కొందరి పనీ పోయింది. అందులో మా నాన్న పని ఒకటి.

మేకుకో వాచీ

నాన్న వాచీలు బాగుచేసేవాడు. ఖమ్మం కమాన్ బజార్‌లో ఆరడుగుల వెడల్పు కొట్టు. ముందు అద్దాల బల్ల. దానిమీద టేబుల్ లైటు, కంటికి బిగించుకునే భూతద్దం, సన్నటి చిమటాలు, బుల్లి స్క్రూడ్రైవర్లు, మూత పెట్టిన గాజు గిన్నెలు. వెనక గోడకు వరసగా మేకులు. మేకుకో వాచీ. ఎక్కువగా హెచ్.ఎం.టి.లే. మధ్యమధ్య జపాన్ సీకో సహకారంతో మన హైదరాబాద్ ఆల్విన్ చేసిన వాచీలు. ఎప్పుడైనా ఏ స్విస్ వాచీయో వస్తే ఆ రోజు నాన్న భోజనానికి ఆలస్యమయ్యేవాడు.

కీ ఇచ్చే మామూలు వాచీ సెకనుకు 5 సార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకు 4,32,000 సార్లు. అందులో 50 దెబ్బలు అటూఇటూ అయితే 10 సెకన్ల తేడా. లక్షకు పన్నెండు పొరపాట్లన్నమాట! మనుషుల పనిలో అయితే శాలువా కప్పుతారు. వాచీ పనిలో మాత్రం 'ఇదేం రిపేరండీ' అంటూ వెనక్కి తెచ్చేవారు.

నాన్న దగ్గర ఒక పొడుగాటి అట్ట పుస్తకం ఉండేది. కిరాణా కొట్టు పద్దు పుస్తకం లాంటిదే. పొద్దున రేడియోలో వార్తలకు ముందు 'పీప్... పీప్...' అని వినిపించేది కదా, ఆ ఆఖరి పీప్‌కి గోడ మీది వాచీలు చూసి, ఏది ఎన్ని సెకన్లు ముందుందో, ఏది ఎన్ని సెకన్లు వెనకుందో రాసేవాడు. అంతే. మొదటి రోజు ముట్టుకునేవాడు కాదు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆ మూడంకెలూ కలిపి చూసుకుని, వాచీ వెనక మూత తెరిచి, రెగ్యులేటరు ముల్లును వెంట్రుకవాసి జరిపేవాడు.

అదీ పూర్తిగా కాదు. సగమే! 

"పన్నెండు సెకన్లు తేడా కనబడితే ఆరు సెకన్లకే దిద్దాలిరా. ఆ పన్నెండులో వాచీ తప్పెంతో, నా చూపు తప్పెంతో, నిన్నటి ఎండ తప్పెంతో నాకేం తెలుసు? మిగతాది రేపు వాచీయే చెబుతుంది" అనేవాడు.

తర్వాత బ్యాటరీ వాచీలు వచ్చాయి. వాటిలో సన్నటి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దిద్దాల్సిన పనే లేదు. నాన్న బ్యాటరీలు మార్చాడు, బెల్టులు మార్చాడు. ఆ తర్వాత అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. బెల్టు కూడా అక్కర్లేకపోయింది. 2014లో కొట్టు ఖాళీ చేశాడు. "వాచీలకు కాలం చెల్లిందిరా" అన్నాడు. జోకు వేశాడో, బాధపడ్డాడో నాకు అర్థం కాలేదు. తర్వాత అమ్మా నాన్నా మా దగ్గరికి హైదరాబాద్ వచ్చేశారు. పనిముట్ల పెట్టె మా అటకెక్కింది.

'టైము ఎవరు పెడతార్రా?'

మాది రాయదుర్గం. ఒకప్పుడు ఇక్కడ ఎటు చూసినా బండరాళ్ల గుట్టలేనట. ఇప్పుడు అద్దాల మేడలు. 2019 నవంబరులో మెట్రో రైలు ఇక్కడిదాకా వచ్చింది. తొమ్మిదో అంతస్తులో మా బాల్కనీలో నిలబడితే ఐటీ కంపెనీల దీపాలు అర్ధరాత్రి దాటినా వెలుగుతూనే కనిపిస్తాయి. ఇక్కడ ఎవరి చేతికీ కీ ఇచ్చే వాచీ ఉండదు. ఉన్నా అది అందానికే.

ఒక ఆదివారం నాన్న నా ఫోనూ, తన ఫోనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"దీన్లో టైము ఎవరు పెడతార్రా?"

"ఎవరూ పెట్టక్కర్లేదు నాన్నా. అదే వస్తుంది."

"అదే వచ్చే టైము లోకంలో లేదురా. ఎవడో ఒకడు ఎక్కడో కూర్చుని దిద్దుతూ ఉండాలి. వాడెవడు?"

డెబ్భై ఆరేళ్ల మనిషి. కంటి ఆపరేషన్లు రెండయ్యాయి. నలభయ్యేళ్లు చేసిన పనికి ఇక విలువ లేదని ఒప్పుకుని వచ్చిన మనిషి. ఆయన అడిగేది ఫోను గురించి మాత్రమే కాదని నాకనిపించింది. తన పని నిజంగా పోయిందా, లేక ఇంకెవరి చేతిలోకైనా వెళ్లిందా? తెలుసుకోవాలని ఉందాయనకి.

నేను పేపర్లో ఫీచర్లు రాసేవాణ్ని. జవాబు తెలియకపోయినా పర్వాలేదు, తెలిసినవాళ్లని పట్టుకోవడం నా ఉద్యోగం. అదృష్టం కొద్దీ ఆ తెలిసినవాడు మా అపార్ట్‌మెంట్‌లోనే నాలుగో అంతస్తులో ఉన్నాడు! విజయనగరం కుర్రాడు. సెల్ టవర్లలో పెట్టే టైమింగ్ పరికరాలను తయారుచేసే ల్యాబ్‌లో ఇంజినీరు. ఓ శనివారం మధ్యాహ్నం "రండి అంకుల్, చూపిస్తాను" అని మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లాడు.

పైనొకటి... కిందొకటి

ల్యాబ్‌లో నాన్న ఊహించుకున్నట్టు పెద్ద గడియారమేమీ లేదు. బల్ల మీద అరచేయంత సర్క్యూట్ బోర్డు, దాని మధ్యలో అగ్గిపెట్టె సైజులో మెరిసే రేకు డబ్బా, పక్కన కంప్యూటర్ తెర మీద ఎగుడుదిగుడు గీతలు. అంతే.

"సెల్ టవర్లకి టైమెందుకు బాబూ? అవేమన్నా బస్సు ఎక్కాలా?" అన్నాడు నాన్న.

కుర్రాడు నవ్వి, ఒంటి లైను రైలు వంతెన ఊహించుకోమన్నాడు. అటు నుంచి ఒక బండి, ఇటు నుంచి ఒక బండి. ఒకటి వెళ్లాక ఇంకోటి రావాలి. రెండు చివర్లా జెండా ఊపేవాళ్ల వాచీలు కలవకపోతే ఏమవుతుంది? మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన 5జీలో ఎక్కువగా జరిగేది ఇదే. టవర్ నుంచి ఫోనుకు, ఫోను నుంచి టవర్‌కు మాటలు ఒకే దారిలో వంతులవారీగా వెళ్తాయి. పక్కపక్క టవర్ల వంతులు కలవాలంటే ఒక్కో టవర్‌లో గడియారం అసలు టైముకు 1.5 మైక్రోసెకన్ల లోపే ఉండాలి. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలో వంతు. ఆ 1.5 మైక్రోసెకన్లలో వెలుతురు కూడా 450 మీటర్లు మాత్రమే పోగలదు!

అంత కచ్చితమైన టైము ఎక్కడ దొరుకుతుంది? ఆకాశంలో. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు ఒక్కోదానిలో అణుగడియారాలు ఉంటాయి. మనకు దారి చూపించేవి ఇవే. అసలు అవి పంపేది దారి కాదు, టైమే. నాలుగు ఉపగ్రహాల నుంచి వచ్చిన టైముల్లో తేడాలను బట్టి మనం ఎక్కడున్నామో ఫోను లెక్క కడుతుంది.

ఇక్కడ నాన్నకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఐన్‌స్టీన్ చెప్పినట్టే ఆ ఎత్తులో, ఆ వేగంలో గడియారం నేల మీద కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. అందుకని పైకి పంపకముందే దాన్ని ఆ మేరకు నిదానం చేసి పంపుతారు. "అంటే రెగ్యులేటరు ముల్లు జరిపే పంపుతున్నారన్నమాట!" అన్నాడు నాన్న, కుర్చీ ముందుకు లాక్కుంటూ.

ఇక కింద ఉన్నది ఆ రేకు డబ్బా. అందులో ఒక స్ఫటికం. సెకనుకు కోటిసార్లు కంపిస్తుంది. వేడి మారితే దాని నడక మారుతుంది కాబట్టి, డబ్బా లోపల ఎప్పుడూ సుమారు 80 డిగ్రీల వేడి ఉండేలా చూస్తారు. బయట మే నెలయినా, డిసెంబరయినా దానికి ఒకటే.

"మరి పైన అంత గొప్ప గడియారాలుంటే కిందది దేనికి? నేరుగా దాన్నే వాడుకోవచ్చుగా?" నేనడిగాను.

దానికి జవాబుగా కుర్రాడు తెర మీద గీతలు చూపించాడు. పైనుంచి వచ్చే టైము నెలల తరబడి చూస్తే చెక్కుచెదరదు. కానీ ఏ సెకనుకా సెకను చూస్తే పదుల నానోసెకన్లు అటూఇటూ ఊగుతుంది. (మైక్రోసెకనులో వెయ్యో వంతు నానోసెకను.) దారిలో ఐనోస్ఫియర్ అనే విద్యుదావేశపు పొర దాన్ని ఆలస్యం చేస్తుంది. పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న మన ప్రాంతాల్లో ఈ పొర గొడవ మరీ ఎక్కువ. ఉస్మానియా యూనివర్సిటీలో ఉపగ్రహ నావిగేషన్ మీద పనిచేసే నెర్టు కేంద్రం ఈ పొర గురించి ఎన్నో పరిశోధనలు చేసింది. ఇది చాలదన్నట్టు మన రాయదుర్గం అద్దాల మేడలొకటి! ఉపగ్రహ సంకేతం ఏ అద్దానికో తగిలి చుట్టుతిరిగి వస్తుంది. 30 సెంటీమీటర్లు చుట్టు తిరిగితే ఒక నానోసెకను ఆలస్యం.

కింది స్ఫటికం సంగతి దీనికి సరిగ్గా తిరగేసి. ఏ సెకనుకా సెకను చూస్తే నున్నగా, తొణకకుండా నడుస్తుంది. రోజులు గడిస్తే మాత్రం నెమ్మదిగా పక్కకు జారిపోతుంది. వెయ్యి సెకన్లకు ఒక్క ఊపు ఎక్కువైతే చాలు, రోజు తిరిగేసరికి 8 మైక్రోసెకన్లు దాటుతుంది. 1.5 గీతను సుమారు నాలుగు గంటల్లోనే దాటేస్తుంది.

పైదానికి నిలకడ ఉంది, నెమ్మది లేదు. కిందిదానికి నెమ్మది ఉంది, నిలకడ లేదు. రెంటినీ కలిపి సంసారం చేయించాలి. ఆ కుర్రాడి ఉద్యోగం అదే.

రెండు మరలు

కింది గడియారాన్ని పైదానితో పోల్చి, తేడా చూసి, స్ఫటికానికిచ్చే కరెంటు వోల్టేజీని కొద్దిగా మార్చి దిద్దడం. మళ్లీ పోల్చడం. మళ్లీ దిద్దడం. ఈ చక్రాన్ని వాళ్లు 'లూప్' అంటారు. దానికి రెండు మరలుంటాయి. ఒకటి, ఇప్పుడు కనబడిన తేడాకు ఎంత దిద్దాలో చెప్పేది. రెండోది, ఇన్నాళ్లుగా పోగుపడిన తేడాలను గుర్తుపెట్టుకుని 'ఈ స్ఫటికం రోజూ ఇంత జారే రకం' అని నేర్చుకునేది.

ఈ మరలు ఎంత తిప్పాలన్నదే అసలు విద్య.

కుర్రాడు మూడు గీతలు చూపించాడు. మొదటిదాంట్లో లూప్‌ను తొందరగా స్పందించేలా పెట్టాడు. యాభై సెకన్లలో తేడా దిద్దేయాలి. ఆ గీత చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. పైనుంచి వచ్చే ప్రతి ఊగిసలాటనూ నిజమని నమ్మి, నున్నగా నడిచే స్ఫటికాన్ని చెడగొడుతోంది. రెండోదాంట్లో మరీ నిదానం. గంటల తరబడి పట్టించుకోదు. గీత నున్నగానే ఉంది కానీ, ఏటవాలుగా ఎటో పోతోంది. మూడోది ఆ రెంటికీ మధ్య. ఈ స్ఫటికానికి సుమారు 500 సెకన్లు సరిపోయిందట. ఇంకా మంచి స్ఫటికమైతే ఇంకా ఓపిక పట్టొచ్చు.

ఎంత ఓపిక పట్టాలో తేల్చడానికి డేవిడ్ అలన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1966లో ఒక లెక్క చెప్పాడు. గడియారం ఒక సెకనులో ఎంత నిలకడగా ఉంది, పది సెకన్లలో ఎంత, వందలో ఎంత, వెయ్యిలో ఎంత... అని విడివిడిగా కొలిచి గీత గీయాలి. పైదానికొక గీత, కిందిదానికొక గీత. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడి వరకూ కిందిదాన్ని నమ్మాలి, ఆ తర్వాత పైదాన్ని నమ్మాలి.

నాన్న అంతా విని అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని రోజులు చూశావు బాబూ?"

"కొత్త స్ఫటికమైతే కొన్ని రోజులు ఊరికే ఆన్ చేసి వదిలేస్తాం అంకుల్. కుదురుకున్నాకే మొదలెడతాం."

"అంతేలే. ఆయిలింగ్ చేసిన వాచీ కూడా మొదటి రోజు చెప్పేది అబద్ధమే."

ఇంకో గీతలో సుమారు ఇరవై నిమిషాలకోసారి అల వచ్చి పోతోంది. నాన్న దాన్నే చూస్తూ, "దీన్ని ఎక్కడ పెట్టావు?" అన్నాడు. కుర్రాడు ఆశ్చర్యపోయాడు. బోర్డుకు సరిగ్గా ఎదురుగా ఏసీ ఉందట. అది ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా చల్లగాలి తగిలి స్ఫటికం నడక మారేది. "అది కనిపెట్టడానికి నాకు రెండు వారాలు పట్టిందంకుల్. తర్వాత థర్మోకోల్ పెట్టెలో పెట్టా" అన్నాడు. నాన్నకు ఆశ్చర్యమేమీ లేదు. కొట్లో పడమటి గోడ మేకులకు తగిలించిన వాచీలు ఎండాకాలం మధ్యాహ్నం ఎలా నడిచేవో ఆయనకు తెలుసు. ఖమ్మం ఎండలు మరి!

"అంకుల్, మీరు సగమే దిద్దేవాణ్ని అన్నారు కదా. మేమూ కనబడిన తేడాలో కొంతే దిద్దుతాం. మొత్తం ఒక్కసారే దిద్దితే అటు దాటిపోయి, మళ్లీ ఇటు దాటిపోయి ఉయ్యాల ఊగుతుంది. మీ అట్ట పుస్తకం మా రెండో మర. లెక్క ఒకటే. మాది సెకన్లలో, మీది రోజుల్లో."

నాన్న ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

పైవాడు పలకనప్పుడు

"పైనుంచి టైము రాకపోతే?" తిరిగొస్తూ లిఫ్టులో అడిగాడు నాన్న. రేడియోలో పీప్ వినబడని రోజులు ఆయనకూ ఉన్నాయి. కరెంటు పోయిన రోజులు, తుపాను రోజులు.

యాంటెన్నా చెడిపోవచ్చు. పక్కన కొత్త మేడ లేచి ఆకాశం కనబడకుండా పోవచ్చు. అప్పుడు లూప్ తెగిపోతుంది. స్ఫటికం ఒంటరిదవుతుంది. దాన్ని వాళ్ల భాషలో 'హోల్డోవర్' అంటారు. అంతవరకూ ఏం నేర్చుకుందో దానితోనే నెట్టుకురావాలి. రోజుకు ఎంత జారుతుందో ముందే నేర్చుకుని ఉంటే, ఆ మేరకు తనను తాను దిద్దుకుంటూ గంటల తరబడి గీత లోపల ఉండగలదు. నేర్చుకోకుండా పైదాని మాటకు తలాడిస్తూ బతికిన స్ఫటికం, మాట ఆగిన గంటలోనే దారి తప్పొచ్చు.

అసలు ప్రమాదం పైవాడు పలకనప్పుడు కాదు, తప్పు పలికినప్పుడు. 2016 జనవరి 26న అదే జరిగింది. అమెరికా ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని పని నుంచి తప్పించే సందర్భంలో, మరికొన్ని ఉపగ్రహాలకు తప్పు దిద్దుబాటు సమాచారం చేరింది. జీపీఎస్ టైమును ప్రపంచ ప్రామాణిక సమయంతో కలిపే లెక్కలో 13 మైక్రోసెకన్లకు పైగా తేడా. దారి చూపించడంలో ఏ ఇబ్బందీ రాలేదు. కానీ ఆ లెక్కను నమ్మిన టైమింగ్ పరికరాలు గంటల తరబడి అల్లాడాయి. చాలాచోట్ల టెలికం కంపెనీల్లో అలారాలు మోగాయి. బ్రిటన్‌లో బీబీసీ డిజిటల్ రేడియోకు కూడా ఆటంకం వచ్చింది. 'నిన్నటిదాకా లేని తేడా ఉన్నట్టుండి ఎందుకొచ్చింది?' అని అనుమానించి, తన స్ఫటికాన్నే నమ్ముకోగలిగిన పరికరం ఇలాంటి రోజు గట్టెక్కుతుంది.

మన దేశానికి సొంత గడియారం ఉండాలనుకోవడం వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది. మన ప్రామాణిక సమయం 1906 జనవరి 1న మొదలైంది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడ సమీపం నుంచే వెళ్తుంది. ఆ సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సీసియం గడియారాలతో కాపాడుతుంది. ఆకాశంలో సొంత గడియారాల కోసం ఇస్రో నావిక్ ఉపగ్రహాలను శ్రీహరికోట నుంచి పంపడం మొదలుపెట్టింది. 2013లో వెళ్లిన మొదటి ఉపగ్రహంలో దిగుమతి చేసుకున్న రుబీడియం గడియారాలు మూడు పెట్టారు. కొన్నేళ్లకే మూడూ ఆగిపోయాయి. ఉపగ్రహం బాగానే ఉంది, కానీ టైము చెప్పలేదు. దాని బదులు 2017 ఆగస్టులో పంపిన ఉపగ్రహం, రాకెట్ మీది ఉష్ణ కవచం విడిపోక అందులోనే చిక్కుకుపోయింది. 2018 ఏప్రిల్‌లో ఇంకోటి పంపారు. చివరికి 2023 మే 29న అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రం తయారుచేసిన మన సొంత రుబీడియం గడియారంతో ఎన్‌వీఎస్-01 వెళ్లింది. 2025 జనవరి 29న వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈ దారి ఇలాగే ఉంటుంది మరి.

ఈ కథంతా చెబితే నాన్న ఒక్క ముక్కే అన్నాడు. "చూశావా, దిగుమతి వాచీ ఆగిపోతే రిపేరుకెంత కష్టమో!"

వారం వారం మార్కులు

ఆ రోజు నుంచి నాకు చుట్టూ లూపులే కనబడుతున్నాయి. మా ఐటీ దారిలో అందరిదీ యాభై సెకన్ల లూపు. షేరు రెండు రూపాయలు తగ్గితే అమ్మేస్తారు. రేటింగ్ ఒక చుక్క తగ్గితే హోటల్ మార్చేస్తారు. వారానికో మీటింగు, మీటింగుకో కొత్త నిర్ణయం.

మా ఇంట్లోనూ ఒక లూపుంది. మా అబ్బాయి ఎనిమిదో తరగతి. ప్రతి శనివారం సాయంత్రం వాడి వారం పరీక్ష మార్కులు స్కూలు యాప్‌లో వస్తాయి. సైన్సులో ఒక వారం 22, తర్వాతి వారం 14, ఆపై వారం 21. మా ఆవిడా నేనూ సైన్సు ట్యూషన్ గురించి మాట్లాడుకుంటుంటే నాన్న విన్నాడు. మర్నాడు ఒక పాత నోటు పుస్తకం తెచ్చి, "ఫోన్లో ఉన్న మార్కులన్నీ చదువు" అన్నాడు. మూడు నెలల మార్కులు వరసగా రాసుకున్నాడు. 

సైన్సు అటూఇటూ ఊగుతోంది కానీ, సగటు కదల్లేదు. లెక్కల మార్కులు మాత్రం 23, 22, 22, 21, 20... ఏ వారం చూసినా ఒక్క మార్కే తేడా కాబట్టి ఎవరికీ భయం వేయదు. మూడు నెలలు కలిపి చూస్తే జారుతున్నది అదీ!

"ఊగేదాన్ని చూసి కంగారుపడతాం. జారేదాన్ని చూడం" అన్నాడు నాన్న.

పిల్లాణ్ని కూర్చోబెట్టి నెమ్మదిగా అడిగితే, బీజగణితం మొదలైనప్పటి నుంచీ సగం అర్థం కావడం లేదని చెప్పాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం మా ఆవిడ వాడికి ఓ అరగంట లెక్కలు చెబుతోంది. నాన్న పుస్తకం కొనసాగుతోంది. శనివారం రాత్రి ఆ అంకె వేసి మూసేస్తాడు. పిల్లాడితో ఏమీ అనడు.

ఓపిక అంటే పట్టించుకోకపోవడం కాదని నాకు ఆ పుస్తకం చూశాకే అర్థమైంది. నాన్న ఏ రోజూ రాయడం మానలేదు. దిద్దడం మాత్రమే వాయిదా వేసేవాడు. పడమటి గోడ మేకులకున్న వాచీలను రోజూ చూసేవాడు కాబట్టే మూడో రోజు ఆయన చెయ్యి వణికేది కాదు.

పోయిన నెల నాలుగో అంతస్తు కుర్రాడు మా ఇంటికొచ్చాడు. చేతిలో వాళ్ల తాతగారి హెచ్.ఎం.టి. జనతా. కీ ఇస్తే నడుస్తోంది కానీ, టైము నిలవడం లేదట. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత నన్ను చూసి, "ఆ పెట్టె దించరా" అన్నాడు. స్టూలు వేసుకుని అటక మీంచి దించాను. పన్నెండేళ్ల దుమ్ము. చిమటాలకు మాత్రం తుప్పు లేదు. నూనె రాసిన గుడ్డలో చుట్టి పెట్టాడు.

కంటికి భూతద్దం పెట్టుకున్నా నాన్నకు ఇప్పుడు మునుపటంత కనబడదు. కిటికీ దగ్గర కూర్చుని, రెండు పూటలు పట్టి శుభ్రం చేశాడు. నూనె చుక్కలు వేశాడు. బాల్కనీ తలుపు పక్కన నీడపట్టున మేకు కొట్టించి తగిలించాడు. ఫోను చూసి మొదటి అంకె రాశాడు.

మర్నాడు పొద్దున్నే కాలింగ్ బెల్. ఆ కుర్రాడే!

"అయిపోయిందా అంకుల్?"

నాన్న పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాడు.

"ఇంకా చూస్తున్నా బాబూ. ఎల్లుండి రా."